ఆవు నోరు - రైతు చేయవలసిన యేరివేత

ఏ జంతువు ఎట్లు మేయునో, దానికి తగినట్లే దాని పెదవులును, నాలుకయు, పళ్లును అమరియున్నవి. ఈ సంగతిని మన బిడ్డలకు పుస్తకముతో పనిలేకుండ దొడ్డిలోనే చూపి చెప్పవచ్చును. చెప్పు పెద్దలకును దీనివలన లాభము కలదు.

మొదట మేకను చూపుడు. దాని పైపెదవి చుఱుకైనది. ముండ్ల నడుమనుండి లేతయాకును మాత్రమే ఏరి కొరుకుకొనును. గొఱ్ఱె పైపెదవి నడుమ చీలియుండుటచేత అది నేలకు మిగుల దగ్గరగా గడ్డి కొరుకగలదు. గుఱ్ఱము తన పెదవితో మేతను తడవి, వలసినదానిని చేర్చుకొని, పైని క్రింది ముందుపళ్లతో తెంపుకొనును.

ఇక ఆవును చూపుడు. క్రిందిదవడ యందు ముందుపళ్లు 8 ఉండును. పైదవడ యందు ముందుపళ్లు ఒక్కటియు లేవు. వాని చోట గట్టి చిగుళ్ల దిండు కలదు. ఆవు గరుకైన నాలుకను చాచి, గడ్డిని చుట్టి లోనికి లాగి, పళ్లకును దిండునకును నడుమ నదిమి తెంపును. అరకొరగా నమిలి మ్రింగును. పిమ్మట తీరికగా పరుండి, ఆ మేతను ముద్దముద్దగా నోటికి తెచ్చుకొని నెమరువేయును. దినమునకు 6 మొదలు 8 గంటల కాలము దీనికే పట్టును. గేదె రీతియు నిట్టిదే.

కాబట్టి ఆవు నోరు మేతను కూడగట్టుటకే కాని, యేరుటకు ఏర్పడినది కాదు. గడ్డిలో మేకు గాని, తీగముక్క గాని యున్నచో దానిని కూడ మ్రింగును. నెమరుతో అది పైకి వచ్చునని తలపరాదు. బరువైన యినుము, తేనెపట్టువలె గళ్లుగల రెండవ సంచిలో నిలిచిపోవును. ఆ సంచికి ముందుగా, ఒక పలుచని పొరకు ఆవల, గుండె యున్నది. సంచి ముడుచుకొనునప్పుడెల్ల మేకు గ్రుచ్చుకొని, యొక్కొక్కప్పుడు గుండెనే చేరును.

అట్టి పశువు మేత మానును, నెమరు తగ్గును, పాలు తటాలున పడిపోవును, వీపు వంచి నిలుచును, పల్లమునకు దిగ జంకును. ఈ గుర్తులు కనబడిన వెంటనే పశువైద్యుని పిలువవలెను. వైద్యులు సూదంటురాతిని మ్రింగించి, యినుమును దానికి అంటుకొనునట్లు చేయుట కలదు. ఆలసించినచో పశువు దక్కుట కష్టము. సంఘమున ఋణము తీసి కొనిన పాడిపశువు ఒక్క మేకుచేత పోయినచో, పాలు పోవును, అప్పు మాత్రము నిలుచును.

ప్లాస్టికు సంచులును ఇంతే. అవి కడుపులో జీర్ణముగావు. పేరుకొని మేత దారి నడ్డగించును.

నివారణ సులభము. పాక కప్పినప్పుడును, కంచె కట్టినప్పుడును రాలిన మేకులను, తీగలను ఆనాడే యేరివేయవలెను. గడ్డికట్టలకు తీగకు బదులు త్రాడు వాడవలెను. గడ్డి కత్తిరించు యంత్రములో తీగ పడెనా, వాడి ముక్కలై మేతలో కలిసి కంటికి కానరాదు. కావున మేత పోవు దారిలో ఒక సూదంటురాతిని అమర్చుట మేలు. సభ్యులు కొందరు కలిసి దీనిని కొనినచో భారము తక్కువ. త్రాటికి కట్టిన సూదంటురాతిని దొడ్డినేలపై ఈడ్చు పనిని బిడ్డలకు అప్పగింపుడు; వారికది వేడుకగా నుండును, దొరికిన మేకులను వారే లెక్కించి చూపుదురు. ఆవు నోరు చేయలేని యేరివేతను మన చేయి చేయవలయును.