చిత్రపటము తెచ్చిన చేటు

ఇంటర్నెట్టునందలి పుటలను మనకు జూపు సాధనమునకు బ్రౌజరని పేరు. దూరదేశములనుండి వచ్చు అక్షరములను, చిత్రములను, ధ్వనులను ఇది గ్రహించి తెరమీద నిలుపును. వచ్చువానిలో నేది మేలో యేది కీడో ముందుగా దెలియదు. కావున ప్రతిదానిని పరీక్షించి లోనికి గైకొనుట దాని ముఖ్యధర్మము. ఈ పరీక్షలో లోపము గలిగినచో నెంత ముప్పు వాటిల్లునో 2023 సంవత్సరమున జరిగిన యొక సంగతివలన విశదమగును.

చిత్రములను సంకోచింపజేసి చిన్నవిగా పంపుటకై గూగుల్ సంస్థవారు 2010లో వెబ్‌పీ యను చిత్రరూపమును వెల్లడించిరి. 1952లో డేవిడ్ హఫ్మన్ అను అమెరికా పండితుడు ప్రకటించిన పద్ధతి ఇందలి యొక విధమున వాడబడుచున్నది. తరచుగా వచ్చు గుర్తులకు పొట్టి సంకేతములను, అరుదుగా వచ్చువానికి పొడుగు సంకేతములను ఇచ్చుటయే యా పద్ధతి. ఆ సంకేతముల నిడివులు చిత్రముతోడనే వచ్చును. బ్రౌజరు వానినిబట్టి పట్టికలను గట్టుకొని చిత్రమును విప్పును.

ఈ పట్టికలకు వలయు స్థలము ముందుగనే లెక్కింపబడి యుండెను. సక్రమమైన సంకేతములకు ఆ లెక్క సరిపోవును. కాని వచ్చిన నిడివులు సక్రమములో కావో తేలకమునుపే పట్టికను నింపుట జరుగుచుండెను. దుర్బుద్ధి గలవాడు కావలెనని తప్పు నిడివులు వ్రాసి పంపినయెడల పట్టిక తన హద్దు మీరి ప్రక్క స్థలము నాక్రమించును. మానెడు పట్టు పాత్రలో కుంచెడు గింజలు పోసినచో మిగిలినవి ప్రక్కనున్న దానిలో బడును గదా! ఆ ప్రక్క స్థలమున కంప్యూటరు తన పని నడుపుకొను వివరములుండవచ్చును. అవి చెడినచో బ్రౌజరు నిలిచిపోవచ్చును. లేదా నేర్పరియైన ద్రోహి తన యాజ్ఞనే దానిచే జేయింపవచ్చును. ఇందుకు మనము దేనినో నొక్కనక్కరలేదు. అట్టి చిత్రము గల పుటను దెరచుటయే చాలును.

ఆపిల్ సంస్థయందలి రక్షణశాఖవారును, కెనడాదేశపు టొరాంటో విశ్వవిద్యాలయమునకు జేరిన సిటిజన్ ల్యాబ్ వారును 2023 సెప్టెంబరు 6వ తేదీన ఈ లోపమును గూగుల్ వారికి దెలిపిరి. అప్పటికే దుష్టులు దీనిని వినియోగించుచుండిరి. 11వ తేదీన క్రోమ్‌నకును, మరునాడు ఫైర్‌ఫాక్సునకును సవరణలు వెలువడెను. చిత్రమును విప్పు ప్రోగ్రాము ఒక్కటే యైనను, దానిని పెక్కు బ్రౌజరులును ఇతర సాధనములును వాడుకొనుచుండుటచే ఒకచోటి తప్పు అందరికిని తప్పయ్యెను. సవరించినవారు చేసిన పని యేమి? పట్టికను నింపుటకు ముందే కొలిచి చూచుట.

తల్లిదండ్రులారా, నేడు మన యిండ్లలో బ్యాంకు లెక్కలును, పిల్లల పాఠములును ఒక్క ఫోనులోనే యుండుట సాధారణము. సవరణ వెలువడినదని ఫోను తెలిపినప్పుడు రేపటికని వాయిదా వేయక వెంటనే గైకొనుడు. మందు దొరికియు సేవింపనివానికి ఫలమేమి? విద్యార్థులారా, మీలో కొందరు మునుముందు ప్రోగ్రాములు వ్రాయుదురు. ఇతరులు పంపినదానిని, అది యెంత యందమైన చిత్రమైనను, కొలువక లోనికి రానీయకుడని మేము కోరుచున్నాము.