పేడ తగ్గిన గేదె – వేగస్ నాడి అజీర్తి

ఎడమ డొక్క ఉబ్బి, మేత తగ్గి, కొద్దికొద్దిగా జిగట పేడ వేసే గేదెకు విరేచనకారులు తాగించడం పరిపాటి. సామాన్యమైన అజీర్తి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఉబ్బరం వారాల తరబడి తిరగబెడుతూ పశువు చిక్కిపోతుంటే వేగస్ నాడి అజీర్తిని అనుమానించాలి.

పేగుల గోడలలో సొంత నాడీజాలం ఉంది కనుక మెదడుతో సంబంధం లేకున్నా అవి కొంతవరకు కదలగలవు. నెమరువేసే పశువు ముందరి పొట్టలకు ఆ స్వాతంత్ర్యం తక్కువ. రూమెన్, రెటిక్యులం క్రమంగా ముడుచుకోవడానికి ఆజ్ఞ మెడుల్లా నుండి వేగస్ నాడి ద్వారానే రావాలి. పొట్ట గోడ ఎంత సాగిందన్న సమాచారమూ అదే నాడి గుండా పైకి చేరాలి. స్వీడన్ పశువైద్యుడు హోఫ్లుండ్ 1940లో ప్రచురించిన పరిశోధన ఈ సంబంధాన్ని వివరించినందున వ్యాధికి ఆయన పేరు కూడా ఉంది.

మేతతో మింగిన తీగముక్క లేదా మేకు రెటిక్యులంలో చేరి గోడను గుచ్చడం ప్రధాన కారణం. అక్కడ చీముగడ్డలు, అతుకులు ఏర్పడతాయి. నిజానికి వ్యాధి పేరు కొంత తప్పుదోవ పట్టిస్తుంది. చాలా పశువులలో నాడి చెక్కుచెదరదు; అతుకుపడిన రెటిక్యులం గోడ కదలలేక సాగుదల సంకేతాలే చెడిపోతాయి. కాలేయపు చీముగడ్డలు, కణితులు కూడా ఇదే స్థితికి దారితీయవచ్చు.

ఆహారం ఒమేసంలోకి జారదు. రూమెన్ కొన్నిసార్లు మామూలుకన్నా ఎక్కువసార్లు ముడుచుకున్నా ప్రయోజనం ఉండదు; లోపలి మేత నురుగుగా మారుతుంది. వెనుకనుండి చూస్తే ఎడమవైపు మొత్తం గుండ్రంగా, కుడివైపు కింది భాగం మాత్రమే ఉబ్బి కనబడుతుంది. జబ్బుపడిన పశువులో నాడి వేగం పెరగడం సహజం. ఇక్కడ కొన్నింటిలో నిమిషానికి 60 కన్నా తగ్గుతుంది. ఈ లక్షణాన్ని క్షేత్రస్థాయిలో చాలామంది లెక్కించరు.

తాగించిన మందు ముందుకు సాగక రూమెన్‌లోనే నిలిచి ఉబ్బరాన్ని పెంచుతుంది. పైగా విలువైన రోజులు గడిచిపోతాయి. రూమెన్‌ను కోసి లోపల చేతితో పరిశీలించే శస్త్రచికిత్స రోగనిర్ధారణకూ చికిత్సకూ ఉపకరిస్తుంది. తీగ దొరికి, చీముగడ్డ తొలగితే కోలుకునే అవకాశం ఉంది. కణితి అయితే ఆశ తక్కువ. నిండు చూడితో ఉన్న పశువులలో కొన్ని ఈనిన తరువాత తేరుకుంటాయి.

పశువును చూసినప్పుడు కొట్టం పక్కన ఇల్లు కట్టారా, గడ్డి మోపులను తీగతో కట్టారా అని రైతును అడగాలి. చొప్ప కోసే యంత్రం అలాంటి తీగను వాడి ముక్కలుగా చేస్తుంది. రెటిక్యులంలో ఉంచే అయస్కాంతం ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది. రాగి, అల్యూమినియం తీగలను పట్టదు.