నీమ్ పట్నం నీటి కాలువ

ఐరోపా ఖండంలో ఫ్రాన్స్ అనే దేశం ఉంది. దాని దక్షిణాన నీమ్ అనే పట్నం ఉంది. రెండువేల ఏళ్ల కిందట ఆ ప్రాంతం రోము సామ్రాజ్యం కింద ఉండేది. ఆనాటి కట్టడాలు కొన్ని నీమ్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

ఊరి నడుమ కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఆటస్థలం ఉంది. 20 వేల మంది కూర్చుని చూసేలా దాన్ని రాతితో కట్టారు. తర్వాత కొన్ని వందల ఏళ్లు జనం అందులోనే ఇళ్లు కట్టుకుని కాపురం ఉన్నారు! ఇప్పుడు అక్కడ పాటకచేరీలు జరుగుతున్నాయి.

వీటన్నిటిలో గొప్పది నీటి కాలువ.

నీమ్‌లో ఒక ఊట ఉండేది. ఊరు పెరిగింది. ఆ నీళ్లు చాలలేదు. ఉజెస్ అనే ఊరి దగ్గర ఇంకో మంచి ఊట ఉంది. తిన్నగా పోతే అది 20 కిలోమీటర్లే. కాని నడుమ కొండలు అడ్డం. అందుకని చుట్టూ తిప్పి 50 కిలోమీటర్ల కాలువ కట్టారు. ఇది 1వ శతాబ్దం నాటి మాట.

అప్పుడు కరెంటు మోటార్లు లేవు. మరి నీళ్లు ఎట్లా వచ్చాయి? నీరు పల్లమెరుగు అంటారు గదా! కాలువ మొదటికీ చివరికీ తేడా 12 మీటర్ల పైచిలుకు మాత్రమే. అంటే కిలోమీటరుకు సుమారు ఒక జానెడు వాలు. ఆ కాస్త వాలు మీదే నీళ్లు ఊరు చేరాయి.

దారిలో గార్డోన్ అనే నది వచ్చింది. దానిమీద మూడు వరసల కమానులతో వంతెన కట్టారు. దాని పేరు పాన్ ద్యు గార్. ఎత్తు దాదాపు 49 మీటర్లు. అన్నిటికన్నా పైన కాలువ పారేది. ఊళ్లో నీళ్లు ఒక గుండ్రటి తొట్టిలో పడేవి. తొట్టి గోడకు 10 రంధ్రాలు ఉన్నాయి. అక్కడినుంచి సీసపు గొట్టాల ద్వారా నీళ్లు ఊరంతా పంచేవారు.

మరి ఆ కాలువ ఎందుకు ఆగిపోయింది?

నీళ్లు కాచే గిన్నెలో తెల్లటి పెచ్చు కడుతుంది, చూశారా? అది సున్నం. ఆ ఊటనీళ్లలోనూ సున్నం ఎక్కువ. కాలువ గోడలకు అది పేరుకుంటూ వచ్చింది. చెట్ల వేళ్లు లోపలికి చొచ్చుకొచ్చాయి. 4వ శతాబ్దం తర్వాత రోము పాలన బలం తగ్గింది. కాలువను బాగుచేసే నాథుడు లేకపోయాడు. పారే దారి ఇరుకైంది. కొన్నాళ్లకు నీళ్లు ఆగిపోయాయి. తర్వాత జనం కాలువ రాళ్లు పీక్కుపోయి ఇళ్లు కట్టుకున్నారు.

వంతెన మాత్రం మిగిలింది. ఎందుకంటే నది దాటడానికి అది జనానికి పనికొచ్చింది. పనికొచ్చింది కాబట్టి మరమ్మతు చేస్తూ వచ్చారు. 1985లో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించారు.

ఒకే కాలువ. చూసుకున్న చోట నిలిచింది. వదిలేసిన చోట పూడిపోయింది. కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు.