పవర్ ఎక్కువున్న గేమ్ కన్సోలే గెలుస్తుందా? చరిత్ర చెప్పేది వేరు

గల్ఫ్ నుంచి చిచ్చానో, మామూనో సెలవు మీద వస్తున్నారంటే చాలా ఇళ్లలో పిల్లల లిస్టులో గేమ్ కన్సోల్ ఉంటుంది. ‘అన్నిటికంటే పవర్‌ఫుల్‌ది కావాలి’ అన్నది వాళ్ల డిమాండ్. చేతి నుంచి పెద్ద మొత్తమే పోతుంది కాబట్టి అబ్బా, అమ్మీ ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కన్సోళ్ల వ్యాపారంలో పవర్ ఎక్కువున్న మెషిన్ ఓడిపోయిన సందర్భాలు బోలెడున్నాయి.

1989లో నింటెండో గేమ్ బాయ్ తెచ్చింది. చిన్న తెర, రంగులు లేవు. అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో పోటీకి వచ్చాయి. కానీ అవి ఆరు బ్యాటరీలను కొద్ది గంటల్లోనే తాగేసేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో చాలా ఎక్కువసేపు నడిచేది, ధర కూడా తక్కువ. తర్వాత వచ్చిన కలర్ మోడల్‌తో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

1996లో సీన్ తిరగబడింది. నింటెండో 64లో 64 బిట్ చిప్ ఉంది, సోనీ ప్లేస్టేషన్‌లో 32 బిట్ మాత్రమే. కానీ నింటెండో క్యాసెట్ లాంటి కార్ట్రిడ్జ్‌నే పట్టుకుని కూర్చుంది. దాని తయారీ ఖర్చు ఎక్కువ, అందులో పట్టేది తక్కువ. సోనీ వాడిన సీడీ చౌక, అందులో 650 ఎంబీ వరకు పట్టేది. అంతకుముందు నింటెండోకి గేమ్‌లు చేసిన స్క్వేర్ కంపెనీ, 1997లో ఫైనల్ ఫాంటసీ 7ను మూడు సీడీల్లో ప్లేస్టేషన్‌కే ఇచ్చింది. చివరికి ప్లేస్టేషన్ 10 కోట్లు దాటితే, నింటెండో 64 సుమారు 3.3 కోట్ల దగ్గర ఆగింది.

ప్లేస్టేషన్ 2 కథా అంతే. 2001లో వచ్చిన ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్ దానికంటే బలమైనవి. అయినా ఏడాది ముందే మార్కెట్లోకి రావడం, డీవీడీ సినిమాలు ఆడటం, పాత ప్లేస్టేషన్ గేమ్‌లు కూడా నడవడం దానికి కలిసొచ్చాయి. అది 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

దీని వెనక లెక్క సింపుల్. గేమ్ తయారు చేసే కంపెనీ మొదట చూసేది ఆ కన్సోల్ ఎన్ని ఇళ్లలో ఉందని. ఇళ్లు ఎక్కువైతే గేమ్‌లు ఎక్కువ వస్తాయి, గేమ్‌లు ఎక్కువైతే కొనేవాళ్లు పెరుగుతారు. రెండోది, దాని మీద పని చేయడం ఎంత తేలిక అని. 2006 నాటి ప్లేస్టేషన్ 3లోని సెల్ చిప్ కాగితం మీద గొప్పదే. కానీ దాన్ని పూర్తిగా వాడుకోవడం ప్రోగ్రామర్లకు తలనొప్పి అయింది. పైగా అమెరికాలో ధర 499, 599 డాలర్లు. అదే ఏడాది 250 డాలర్లకు వచ్చిన బలహీనమైన వీ, చేయి ఊపితే ఆడే రిమోట్‌తో తాతల్ని, నానీల్ని కూడా ఆటలోకి దింపి 10 కోట్లు దాటింది. సోనీ పాఠం నేర్చుకుని 2013లో ప్లేస్టేషన్ 4కు పీసీ లాంటి చిప్ పెట్టింది.

అలాగని పవర్‌తో పనే లేదనుకుంటే పొరపాటే. పెద్ద మెషిన్ల కోసం చేసిన గేమ్‌లు వీ మీద ఉన్నవి ఉన్నట్టు నడిచేవి కావు. దాని తర్వాత 2012లో వచ్చిన వీ యూ 1.4 కోట్లు కూడా అమ్ముడవలేదు, చాలా బయటి కంపెనీలు దాన్ని వదిలేశాయి. 2017 నాటి స్విచ్ కూడా ప్లేస్టేషన్ 4 కంటే బలహీనమే. కానీ టీవీ దగ్గరా, బయటా ఆడుకోవచ్చు, నింటెండో సొంత గేమ్‌లూ బలంగా ఉన్నాయి. జనం కొన్నాక బయటి కంపెనీలు కూడా వచ్చాయి. విచర్ 3 లాంటి భారీ గేమ్‌ను 2019లో బొమ్మ నాణ్యత తగ్గించి మరీ దానికి తెచ్చారు.

కాబట్టి డబ్బాలో పవర్ ఎంతని కాకుండా, కొనే ముందు వేరే ప్రశ్నలు అడగాలి. పిల్లలు అడిగే గేమ్‌లు ఆ కన్సోల్‌కు ఉన్నాయా? వాటి మీద వయసు గుర్తు ఎంత? డిస్క్ పెట్టే చోటు ఉందా? లేకపోతే సెకండ్ హ్యాండ్ డిస్కులు కొనడం, కజిన్స్‌తో మార్చుకోవడం కుదరదు. గల్ఫ్‌లో కొంటే ఇక్కడ వారంటీ చెల్లుతుందా? ఒక్కో కొత్త గేమ్‌కే వేలల్లో ఖర్చవుతుంది. ఆడే గేమ్‌లు లేని పవర్‌కు డబ్బు పెడితే అది ఫజూల్ ఖర్చే.