అర సెకను కోసం ఆరాటం

విండ్సర్ నగరపు నదీతీరాన నిలబడి ఉత్తరదిశగా చూస్తే కనిపించేది అమెరికా. కెనడా నుండి అమెరికాను చూడాలంటే దక్షిణానికి తిరగాలన్న సామాన్య భూగోళ పరిజ్ఞానం ఇక్కడ తలక్రిందులవుతుంది. డిట్రాయిట్ నది వెడల్పు ఈ చోట ఒక కిలోమీటరుకు మించదు. అయినా ఆ కొద్దిపాటి నీటికి ఇరువైపులా ఫుట్‌బాల్ అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు ఆటలు సాగుతున్నాయి. ఆవలి ఒడ్డున డిట్రాయిట్ లయన్స్ జట్టు నాలుగు డౌన్ల అమెరికన్ ఆట ఆడుతుంది. ఈవలి ఒడ్డున విండ్సర్ విశ్వవిద్యాలయపు లాన్సర్స్ జట్టు మూడు డౌన్ల కెనడియన్ ఆట ఆడుతుంది. చదువు నిమిత్తమో ఉద్యోగరీత్యానో ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెద్దలకు ఈ ఆట మొదట్లో ఒక గుంపు మరొక గుంపు మీద పడి దొర్లడంగానే తోస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు మాత్రం అందులో చదరంగాన్ని చూస్తారు. పిల్లల చూపే సరైనదని చెప్పక తప్పదు. అయితే ఈ చదరంగంలో ఒక్కొక్క ఎత్తుకు ఉండే వ్యవధి రెండు మూడు సెకన్లు మాత్రమే.

ఆటకు కేంద్రస్థానం క్వార్టర్‌బాక్. బంతి అతని చేతికి అందిన క్షణం నుండి ఎదుటి జట్టులోని బలిష్ఠులు అతనిని పడగొట్టడానికి ముందుకు దూకుతారు. అతని జట్టులోని లైన్‌మన్లు వారిని అడ్డుకుంటారు. ఈ లోపున అతడు పరుగెత్తుతున్న తనవారిలో ఎవరికి సందు దొరికిందో చూసి బంతి విసరాలి. అడ్డు ఉన్నప్పుడు దాన్ని ఛేదించుకొని క్వార్టర్‌బాక్‌ను చేరడానికి సమర్థుడైన ఆటగాడికి సైతం దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. దూరపు పాస్ విసిరే క్వార్టర్‌బాక్‌కు అంతకంటె ఎక్కువ వ్యవధి కావాలి. కనుక అతడు దొరికిపోతాడు. మరి ఒకటిన్నర, రెండు సెకన్లలోనే బంతిని వదిలివేసే వాడిని ఏమి చేయాలి? ఎంతటి బలశాలి అయినా అతనిని చేరుకునేసరికి చేతిలో బంతి ఉండదు.

వెనుక కాపలా ఉన్నవారి పరిస్థితి కూడా అంతంత మాత్రమే. చిన్న లెక్క వేసి చూడవచ్చు. పొట్టి పాస్‌లో బంతి గాలిలో ప్రయాణించే దూరం సుమారు 12 మీటర్లు. సెకనుకు 24 మీటర్ల వేగంతో విసిరితే అది గమ్యం చేరడానికి అర సెకను చాలు. కంటికి కనిపించిన దానికి శరీరం స్పందించడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. మిగిలినది 0.3 సెకను. సెకనుకు 7 మీటర్ల వేగంతో దూకినా ఆ వ్యవధిలో రక్షకుడు రెండు మీటర్లకు కాస్త మించి కదలలేడు. అతడు రిసీవర్‌కు ఏడు గజాల దూరంలో, అంటే ఆరు మీటర్లకు పైగా ఎడంలో, నిలబడి ఉంటే ఆ పాస్‌ను ఆపడం అసాధ్యం. అది అతని చేతకానితనం కాదు, గణితం. బంతిని చూసి కదిలేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. పోనీ ముందే ఊహించి దూకుదామా అంటే, రిసీవర్ ఒక అడుగు లోపలికి వేసినట్టు నటించి నేరుగా గోల్ వైపు పారిపోతాడు.

ఈ గణితాన్ని ఒక పద్ధతిగా మలచినవాడు బిల్ వాల్ష్. 1970లో ఆయన సిన్సినాటి బెంగాల్స్ జట్టులో సహాయ శిక్షకుడు. భుజబలం గల క్వార్టర్‌బాక్ గాయపడగా, దూరం విసరలేని వర్జిల్ కార్టర్ అనే ఆటగాడితో నెట్టుకురావలసి వచ్చింది. గత్యంతరం లేక వాల్ష్ పొట్టి పాసులను అల్లాడు. క్వార్టర్‌బాక్ వెనక్కు వేసే అడుగులు ఎన్ని, ఎన్నో అడుగు వద్ద ఎవరి వైపు చూడాలి, అక్కడ సందు లేకపోతే తరువాత ఎవరిని చూడాలి అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. తరువాతి కాలంలో దీనికి వెస్ట్ కోస్ట్ అఫెన్స్ అన్న పేరు స్థిరపడింది. ఒహాయో నది ఒడ్డున పుట్టిన పద్ధతికి పసిఫిక్ తీరం పేరు రావడం చరిత్ర చేసే చమత్కారాలలో ఒకటి.

విండ్సర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని పాంటియాక్‌లో సిల్వర్‌డోమ్ అనే స్టేడియం ఉండేది. అక్కడ 1982 జనవరి 24న 16వ సూపర్ బౌల్ జరిగింది. అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కో 49యర్స్ జట్టుకు ప్రధాన శిక్షకుడైన వాల్ష్ ఒకవైపు. మరోవైపు ఆయన పాత జట్టు సిన్సినాటి. ఆ జట్టు క్వార్టర్‌బాక్ కెన్ ఆండర్సన్‌కు పొట్టి పాసుల విద్య నేర్పినవాడు వాల్షే. తన అస్త్రాన్ని తానే ఎదుర్కోవలసిన పరిస్థితి ఆయనది. విరామ సమయానికి 20–0 ఆధిక్యం లభించినా, ద్వితీయార్ధంలో ఆండర్సన్ పుంజుకున్నాడు. ఆ రోజు అతడు విసిరిన 34 పాసులలో 25 చేరవలసిన చోటికి చేరాయి; 300 గజాలు వచ్చాయి. వాల్ష్ సొంత క్వార్టర్‌బాక్ జో మోంటానాకు దక్కినవి 157 గజాలే. అంకెలు మాత్రమే చూసినవారు సిన్సినాటి గెలిచిందని అనుకుంటారు. గెలిచినది శాన్‌ఫ్రాన్సిస్కో, 26–21 తేడాతో.

మూడవ పాదంలో జరిగిన ఒక ఘట్టంలో ఈ వైరుధ్యానికి సమాధానం చాలావరకు దొరుకుతుంది. సిన్సినాటి గోల్‌గీతకు మూడు గజాల దూరానికి వచ్చింది. రెండు ప్రయత్నాలు ముగిసేసరికి మిగిలినది గజం. మూడవ ప్రయత్నంలో ఆండర్సన్ తన అలవాటు ప్రకారం చప్పున ప్రక్కకు ఒక చిన్న పాస్ విసిరాడు. చార్లెస్ అలెగ్జాండర్ దాన్ని చక్కగా పట్టుకున్నాడు. అదే క్షణంలో డాన్ బంజ్ అనే లైన్‌బాకర్ అతని నడుమును రెండు చేతులా చుట్టి, ముందుకు వాలనీయకుండా వెనక్కు విసిరివేశాడు. పాస్ సఫలం, ఫలితం శూన్యం. నాలుగవ ప్రయత్నాన్నీ అడ్డుకోవడంతో సిన్సినాటి ఉత్తచేతులతో వెనుదిరిగింది. పొట్టి పాసులను ఆపే ఉపాయాలలో అతి ప్రాచీనమైనది, అతి కష్టమైనది ఇదే: బంతిని పట్టుకోనివ్వడం, పట్టిన చోటనే పడగొట్టడం. బంజ్ చేసిన పని బయటికి తేలికగా కనబడుతుంది. కానీ అతడు ఒక్క చేయి జారవిడిచినా, తప్పటడుగు వేసినా అలెగ్జాండర్ గీత దాటి ఉండేవాడు.

ఆ రోజు సిన్సినాటి శిక్షకులలో డిక్ లెబో ఉన్నాడు. డిట్రాయిట్ వారికి ఆయన పరాయివాడు కాదు. 1959 నుండి 1972 వరకు 14 సంవత్సరాలు లయన్స్ జట్టులోనే ఆడి 62 ఇంటర్‌సెప్షన్లు సాధించాడు. పాంటియాక్‌లో ఆయన సిన్సినాటి వెనుక వరుస రక్షకులకు శిక్షకుడు. రెండేళ్ల తరువాత, 1984లో, రక్షణ విభాగమంతా ఆయన చేతికి వచ్చింది. అప్పటికి పొట్టి పాసుల పద్ధతి దేశమంతటా వ్యాపిస్తున్నది. దానికి విరుగుడుగా ఆయన తీర్చిదిద్దినదే జోన్ బ్లిట్జ్. పూర్వం మయామీలో బిల్ ఆర్న్స్‌పార్గర్ వంటివారు వేసిన బీజాలు ఇందులో ఉన్నాయి. వాటిని పెంచి వృక్షం చేసినవాడు లెబో.

జోన్ బ్లిట్జ్ గొప్పదనం తెలియాలంటే మామూలు బ్లిట్జ్‌లోని లోపం తెలియాలి. క్వార్టర్‌బాక్ మీదికి నలుగురు చాలరని అయిదవవాడినో ఆరవవాడినో పంపడం బ్లిట్జ్. అతడు వచ్చిన చోటు ఖాళీ అవుతుంది. వాల్ష్ సంప్రదాయంలో శిక్షణ పొందిన క్వార్టర్‌బాక్‌కు ఆ ఖాళీయే వరం; మీదికి వచ్చేవాడిని చూడగానే వాడు విడిచి వచ్చిన చోటికి బంతి విసిరివేస్తాడు. ఆలోచన అక్కరలేదు, అభ్యాసబలం చాలు. లెబో సరిగ్గా ఆ అభ్యాసం మీదనే ఉచ్చు పన్నాడు. ఒకవైపు నుండి లైన్‌బాకర్‌ను దూకించి, అతడు వదిలిన ఖాళీలోకి ముందు వరుసలోని లైన్‌మన్‌ను వెనక్కు రప్పించాడు. మొత్తం మీద దూకేవారి సంఖ్య పెద్దగా పెరగదు. వెనుక కాపలా తరగదు. మారేదల్లా ఎవరు వస్తారు, ఎవరు ఆగుతారు అన్నది. క్వార్టర్‌బాక్ ఖాళీ అనుకొని విసిరిన చోట 130 కిలోల మనిషి చేతులు చాచి నిలబడి ఉంటాడు.

మన చెడుగుడులో కూతకు వచ్చినవాడికి ఒక మూల ఖాళీగా చూపి, లోపలికి రాగానే రెండవ మూల నుండి గొలుసు వేసి మూసివేయడం ఎరిగినవారికి ఈ ఎత్తు కొత్తగా తోచదు.

దీని వెనుక మనస్తత్వశాస్త్రంలో పేరున్న ఒక సూత్రం ఉంది. ఎదుట ఉన్న ప్రత్యామ్నాయాలు పెరిగే కొద్దీ నిర్ణయానికి పట్టే కాలం కూడా పెరుగుతుందని 1952లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు హిక్ ప్రయోగపూర్వకంగా చూపాడు. మనిషి చూపు ఒక చోట నుండి మరొక చోటికి సెకనుకు సుమారు మూడుసార్లు మాత్రమే మారి నిలవగలదు. అంటే క్వార్టర్‌బాక్ మొదట చూసిన రిసీవర్‌ను కాదని రెండవవాడిని చూడవలసి వస్తే సెకనులో మూడవ వంతు ఖర్చవుతుంది. మూడవవాడిని కూడా చూడవలసి వస్తే మరొక మూడవ వంతు. రెండు సెకన్లలో ముగియవలసిన పని రెండున్నర దాటుతుంది. అడ్డు తొలగించుకొని వచ్చే లైన్‌మన్‌కు కావలసినది ఆ వ్యవధే. కాళ్ల వేగం పెంచి సాధించలేనిది ఎదుటివాడి చూపును ఒక్కసారి సందేహంలో పడవేసి సాధించవచ్చునన్నమాట.

ఈ వ్యూహానికి ప్రమాదాలు లేకపోలేదు. లైన్‌మన్ పరుగులో రిసీవర్‌తో సమానం కాడు. ఉచ్చును పసిగట్టిన క్వార్టర్‌బాక్ ఆ భారీకాయుడి ప్రక్కకే విసిరి ఇరవై ముప్ఫై గజాలు కొల్లగొడతాడు. 1989 జనవరిలో మయామీలో జరిగిన 23వ సూపర్ బౌల్‌లో సిన్సినాటి, శాన్‌ఫ్రాన్సిస్కో మళ్ళీ తలపడ్డాయి. సిన్సినాటి రక్షణ లెబోదే. చివరి నిమిషాలలో మోంటానా తన జట్టును 92 గజాలు నడిపించి, 34 సెకన్లు మిగిలి ఉండగా జాన్ టేలర్‌కు గెలుపు పాస్ అందించాడు. స్కోరు 20–16. ఎంతటి వ్యూహమైనా నిబ్బరం గలవాడి ముందు ఓడిపోగలదు.

2006 ఫిబ్రవరి 5న లెబో మళ్ళీ ఈ ప్రాంతంలో ఉన్నాడు. ఈసారి వేదిక విండ్సర్‌కు నది అవతలే ఉన్న ఫోర్డ్ ఫీల్డ్. సందర్భం 40వ సూపర్ బౌల్. ఆయన పిట్స్‌బర్గ్ స్టీలర్స్ రక్షణ విభాగానికి అధిపతి. ఎదురుగా ఉన్న సియాటిల్ జట్టు శిక్షకుడు మైక్ హోమ్‌గ్రెన్, వాల్ష్ వద్ద పనిచేసి ఆ పద్ధతిని పుణికిపుచ్చుకున్నవాడు. పాంటియాక్ నాటి వాదం 24 ఏళ్ల తరువాత అదే మహానగరంలో తిరిగి మొదలైనట్లయింది. సియాటిల్ క్వార్టర్‌బాక్ మాట్ హాసెల్‌బెక్ 49 పాసులు విసిరితే 26 చేరాయి. 273 గజాలు వచ్చినా జట్టుకు దక్కినవి పది పాయింట్లే. నాలుగవ పాదంలో పిట్స్‌బర్గ్ 14–10 ఆధిక్యంలో ఉండగా ఐక్ టేలర్ ఒక పాస్‌ను అడ్డగించి పట్టుకోవడంతో ఆట మలుపు తిరిగింది, చివరికి 21–10. ఆ రోజు రిఫరీల నిర్ణయాల మీద వివాదం చెలరేగిన మాట నిజమే కనుక ఘనతంతా లెబో వ్యూహానికి కట్టబెట్టడం న్యాయం కాదు. గజాలు ఇచ్చినా పాయింట్లు ఇవ్వలేదన్నది మాత్రం స్కోరు పట్టికలోనే ఉంది. 2010లో ఆయనకు హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.

ఇతర ఉపాయాలూ లేకపోలేదు. చేరుకోలేమని తెలిసిన లైన్‌మన్ ఆగి చేతులు పైకెత్తితే, తక్కువ ఎత్తులో వచ్చే పొట్టి పాస్ ఆ చేతులకు తగిలి నేల కూలుతుంది. 2012లో హ్యూస్టన్ జట్టు ఆటగాడు జె.జె.వాట్ ఈ విధంగా 16 పాసులను తిప్పికొట్టి చూపాడు. రిసీవర్‌ను మొదటి అడుగులోనే తోసి, లయ తప్పించడం మరొకటి. 1978లో అమెరికన్ నిబంధనలు మారిన తరువాత అయిదు గజాల లోపల మాత్రమే దానికి అనుమతి ఉంది.

విండ్సర్ వైపుకు వస్తే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. కెనడియన్ మైదానం వెడల్పు 65 గజాలు; అమెరికన్ మైదానానిది 53 గజాల చిల్లర. కెనడియన్ జట్టులో ఒక మనిషి ఎక్కువ ఉన్నప్పటికీ, తలకు వచ్చే వెడల్పు అమెరికాలో 4.8 గజాలైతే ఇక్కడ 5.4. పైగా రక్షకులు బంతికి ఒక గజం ఎడంగా నిలబడాలి. రిసీవర్లు బంతి కదలకముందే పరుగు అందుకొని గీత వద్దకు దూసుకురావచ్చు. అటువంటివాడిని మొదటి అడుగులో తోసి ఆపడం, పరుగెత్తే ఎద్దును తాడు లేకుండా పట్టడం వంటిది. ఇన్ని సౌకర్యాలు చూస్తే పొట్టి పాసుల క్వార్టర్‌బాక్‌కు ఇదే స్వర్గమనిపిస్తుంది.

కాని ఇక్కడ ఉన్నవి మూడే డౌన్లు. మూడవ దానిలో సాధారణంగా బంతిని తన్ని ఎదుటివారికి అప్పగిస్తారు కనుక, పది గజాలు సాధించడానికి నికరంగా మిగిలేవి రెండు ప్రయత్నాలు. అమెరికాలో మూడు ప్రయత్నాలలో నాలుగేసి గజాలు వస్తే పన్నెండు, ఆట సాగుతుంది. విండ్సర్‌లో రెండు ప్రయత్నాలలో నాలుగేసి వస్తే ఎనిమిదే. బంతి తన్నక తప్పదు. అందుచేత పాస్‌ను పట్టనిచ్చి అక్కడికక్కడే పడగొట్టే రక్షకుడికి నది ఆవల కంటె ఈవల ప్రతిఫలం ఎక్కువ. వెడల్పు సైతం కొన్ని వేళల అతనికే కలిసివస్తుంది. బంతి మైదానానికి ఒక ప్రక్కన ఉన్నప్పుడు ఆవలి అంచుకు విసరవలసిన దూరం 35 గజాలనుకుంటే, అది చేరడానికి 1.3 సెకన్లకు పైగా పడుతుంది. ఆ వ్యవధిలో 0.2 సెకను స్పందనకు పోయినా, ఏడు గజాల ఎడంలో నిలబడ్డ రక్షకుడు తీరికగా రిసీవర్‌ను చేరుకోగలడు. లాన్సర్స్ ఆట చూడబోయే తెలుగు పిల్లలు బంతిని వదిలి, విసరకముందు ఆ దూరపు అంచున నిలబడిన రక్షకుడి పాదాలను గమనిస్తే, అతడు వెనక్కు వాలుతున్నాడో ముందుకు వంగుతున్నాడో తెలిసిపోతుంది. క్వార్టర్‌బాక్ కూడా ఆ క్షణంలో చూస్తున్నది ఆ పాదాలనే.