కొన్న ప్రాజెక్ట్‌తో ఇంటర్వ్యూకి వెళ్తే ఏమవుతుంది?

ఈరోజు నా సొంత కథే చెప్తా. నాది బీటెక్ సీఎస్‌ఈ. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మాత్రం అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొన్నా. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మొదటి ఇంటర్వ్యూలో ఒకటే అడిగారు: "లాగిన్ పేజీ ఉంది కదా, పాస్‌వర్డ్ ఎలా దాచావ్?" నోరు పెగల్లేదు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశా. నాన్న ఫోన్ చేస్తే "తర్వాత చెప్తామన్నారు నాన్నా" అని అబద్ధం ఆడా.

ఆ రాత్రి హాస్టల్‌లో ఆ కోడ్ మొదటిసారి చదివా. పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టే డేటాబేస్‌లో పడుతున్నాయి! డేటాబేస్ లీకైతే అందరివీ బయటపడ్డట్టే. అందుకే బీక్రిప్ట్ లాంటి వాటితో హ్యాష్ చేసి దాస్తారు. హ్యాష్‌ని వెనక్కి తిప్పి పాస్‌వర్డ్ తీయడం కుదరదు. లాగిన్ అయినప్పుడు టైప్ చేసినదాన్ని మళ్లీ హ్యాష్ చేసి, రెండూ ఒకటేనా అని చూస్తారు. అంతే.

అది మార్చా. తర్వాత ప్రతి ఫైలూ ఎందుకుందో తెలుసుకుంటూ, మార్పులన్నీ గిట్‌లో పెట్టుకుంటూ మూడు నెలలు కూర్చున్నా. ఇంకో ఇంటర్వ్యూలో అదే ప్రాజెక్ట్ మీద ముప్పావుగంట మాట్లాడా. జాబ్ వచ్చింది.

అక్కడ మొదటి రెండు నెలలు నా పనేంటో తెలుసా? వేరేవాళ్లు రాసిన కోడ్ చదవడం!

మీ ప్రాజెక్ట్ ఫోల్డర్ ఈరోజే తెరవండి. ఒక్క ఫైల్‌తో మొదలెట్టండి. ఉంటా మరి, బై!