బెదిరింపు కాదు.. బాధ!

‘‘మళ్లీ అదే నాటకం సార్. గట్టిగా నాలుగు మాటలు చెప్పి పంపండి’’. ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి కూతుర్ని నంద్యాలకు తీసుకొచ్చిన ఓ తండ్రి నాతో అన్న మాట ఇది. ఆ అమ్మాయి ప్రాణం మీదికి తెచ్చుకోవడం అది రెండోసారి. స్నేహితురాలు ఫోన్‌ ఎత్తలేదన్నది పైకి కనిపించిన కారణం. ‘ఇంత చిన్నదానికా?’ అన్నది ఇంట్లోవాళ్ల ప్రశ్న.

‘‘గుండెనొప్పి రెండోసారి వస్తే నాటకమంటామా?’’ అని అడిగాను. ఆయన మాట్లాడలేదు.

ఏమిటీ సమస్య?

వ్యక్తిత్వ లోపాల్లో ‘బోర్డర్‌లైన్‌’ ఒక రకం. వీళ్లలో భావోద్వేగాలు ఉప్పెనలా వస్తాయి, త్వరగా చల్లారవు. పొద్దున ప్రాణంగా చూసుకున్న మనిషే సాయంత్రానికి శత్రువైపోవచ్చు. అయినవాళ్లు వదిలేస్తారేమోనన్న భయం, లోపలంతా ఖాళీ అన్న భావన, పట్టలేని కోపం, తమను తాము గాయపరచుకోవడం ప్రధాన లక్షణాలు. ఇవి చాలాకాలంగా ఉంటేనే సైకియాట్రిస్టు జబ్బును నిర్ధారిస్తారు. కోపిష్ఠి పిల్లలందరికీ ఈ పేరు తగిలించకూడదు.

ముప్పు ఎందుకు?

బాధ తారస్థాయికి చేరినప్పుడు ఆలోచన సరిగా సాగదు. కుంగుబాటు, మద్యం తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. ‘చస్తాననేవాళ్లు చావరు’ అన్నది అపోహ. గతంలో ప్రయత్నించి ఉండటం పెద్ద ప్రమాద సూచన. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. కారణాల్లో కుటుంబ సమస్యలదే మొదటి స్థానం.

ఇంట్లో ఏం చేయాలి?

* ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు.
* నీతిబోధ వద్దు. ఆ ఘడియ దాటేదాకా ఒంటరిగా వదలొద్దు.
* పురుగుమందులు, మాత్రలు చేతికందకుండా తాళం వేసి ఉంచండి.
* డిశ్చార్జి తర్వాతి వారాలు కీలకం. ప్రాణం నిలబడటంతో చికిత్స అయిపోయినట్టు కాదు. సైకియాట్రీ ఓపీకి తప్పక తీసుకెళ్లండి.
* కేసు భయంతో ఆసుపత్రికి రావడం ఆపొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యాయత్నాన్ని తీవ్ర ఒత్తిడి ఫలితంగానే చూస్తుంది.

చికిత్స ఉంది

భావోద్వేగాల్ని అదుపు చేసుకోవడం నేర్పే ‘డయలెక్టికల్‌ బిహేవియర్‌ థెరపీ’ బాగా పనిచేస్తుంది. దాన్ని రూపొందించిన అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్‌ యవ్వనంలో తానూ ఇలాంటి బాధే పడ్డానని 2011లో వెల్లడించారు. చికిత్సతో చాలామంది కోలుకుంటారు.

ఆ తండ్రి వారం తిరక్కముందే కూతురితో సైకియాట్రీ ఓపీకి వచ్చారు. ఈసారి నాటకం అన్న మాట ఆయన నోట రాలేదు.

(మీకు గానీ, మీవాళ్లకు గానీ ఇలాంటి ఆలోచనలు వస్తుంటే ‘టెలి మానస్‌’ నంబరు 14416కు ఫోన్‌ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.)